బెట్టా చేపకు తోడు ఏది? మూడు ఊర్లలో మూడు తొట్లు చెప్పిన పాఠం



ఈసారి పాఠం పంట గురించి కాదు, చేప గురించి. అది కూడా ఇంట్లో తొట్టిలో పెట్టుకుని చూసుకునే చేప. మన వీడియోలు చూసేవాళ్లలో చాలామంది బెట్టా చేప పెంచుతున్నారు. అంగళ్లలో దీన్ని ఫైటర్ అంటారు. కొందరు పిల్లలు అడిగారని తెచ్చారు, కొందరు దోమ పిల్లల్ని తింటుందని తెచ్చారు, ఒకరిద్దరు పిల్లలు తీసి అమ్ముకుందామని చూస్తున్నారు. అందరూ అడిగేది మాత్రం ఒకటే: "తొట్టిలో ఒక్కటే ఉంటే బోసిగా ఉందన్నా, దానికి తోడు ఏ చేప వేయాల?"

పైన వీడియోలో నా దగ్గరున్న రెండడుగుల తొట్టిని చూపించాను. వీడియోలో చెప్తే సాగదీసినట్టు ఉంటుందని వదిలేసిన కొలతలు, కారణాలు ఇక్కడ రాస్తున్నా. నేను చదివింది వ్యవసాయ డిప్లొమా. అయినా నీళ్ల గుణం, నత్రజని, సూక్ష్మజీవులు, పక్కపక్కన ఏది పెడితే ఏది బతుకుతుంది అన్న లెక్క చేనులో ఎట్లనో తొట్టిలోనూ అట్లనే. ఆ లెక్క తెలిసిన రైతుకు ఈ పని కష్టం కాదు.

ముందే ఒక మాట చెప్పేస్తా. తోడు చేప అనగానే అందరూ బెట్టా కోపం గురించే ఆలోచిస్తారు. కోపం ఉంది, నిజమే. కానీ ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు నేను చూసిన తొట్లలో తోడు చేపలు ఎక్కువగా చచ్చింది బెట్టా కరిచి కాదు, నీళ్లు పడక. అవి చచ్చినా బెట్టా హాయిగా తిరుగుతుంటుంది కాబట్టి నేరం దాని మీద పడుతుంది. బెట్టా బతికినంత మాత్రాన ఆ నీళ్లు బాగున్నట్టు కాదు. తోడు చేపకు ఏం కావాలో చూసి తొట్టి కట్టాలి. ఈ పాఠం మొత్తం దాని గురించే.

బెట్టా ఎట్లాంటి చేప

బెట్టా సొంత ఊరు థాయ్‌లాండ్. అక్కడి వరి మళ్లు, లోతు తక్కువ ఉన్న చిత్తడి నేలలు, గడ్డి పెరిగిన కాలువల్లో ఉంటుంది. 2019లో థాయ్‌లాండ్ ప్రభుత్వం దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది. అక్కడి భాషలో దీని పేరుకు కరిచే చేప అని అర్థం. పందేల కోసం, ఆ తర్వాత అందం కోసం తరతరాలుగా ఏరి ఏరి పెంచడం వల్ల ఇప్పుడు మనం అంగళ్లలో చూసే పొడుగు రెక్కలు, రంగులు వచ్చాయి. అడవి బెట్టాకు ఇంత తోక ఉండదు.

నిలవ నీటిలో ఆక్సిజన్ తక్కువ. అందుకని ఈ చేపకు మొప్పలతో పాటు తలలో ఇంకో అవయవం ఉంటుంది. పైకి వచ్చి నోటితో గాలి మింగి, దాంట్లోంచి ఆక్సిజన్ తీసుకుంటుంది. మన కొర్రమీను కూడా గాలి పీలుస్తుంది, అందుకే కొర్రమీను బురదలో కూడా బతుకుతుంది. బెట్టా కూడా ఆ దారిలోనిదే. అంగట్లో దాన్ని చిన్న గాజు గ్లాసులో పెట్టి అమ్మగలిగేది ఈ గుణం వల్లే. గ్లాసులో బతుకుతుంది కదా అని అది గ్లాసులో ఉండాల్సిన చేప అనుకోవద్దు.

మగ బెట్టాకు తన చోటు తనకు కావాలి. నీటి పైన నురగతో గూడు కట్టి, గుడ్లను దాంట్లో పెట్టి తనే కాపలా కాస్తుంది. ఆ కాపలా బుద్ధి వల్లే ఇంకో మగ బెట్టా కనపడితే మొప్పలు విప్పి మీదికి పోతుంది. ఇంకో మగ బెట్టా మాదిరి కనిపించే ఏ చేపనైనా అట్లనే చూస్తుంది. పెద్ద తోక, మెరిసే రంగు, మెల్లగా ఈదడం: ఈ మూడూ ఉన్న చేప దాని కంటికి శత్రువే.

తొట్టిలో అంతస్తులు

ప్రకృతి సేద్యంలో మనం ఐదంచెల తోట వేస్తాం. పొడుగు చెట్టు, మధ్య చెట్టు, పొద, తీగ, దుంప. దేని ఎత్తు దానిది, దేని వెలుతురు దానిది. ఒకే ఎత్తులో ఒకే తిండి కోసం రెండు పెడితే రెండూ దెబ్బతింటాయి.

తొట్టిలో మూడు అంతస్తులు అనుకోండి. పైన బెట్టా. మధ్యలో గుంపుగా తిరిగే చిన్న చేపలు. అడుగున ఇసుకలో వెతుక్కుని తినేవి. బెట్టా పై అంతస్తు యజమాని కాబట్టి ఇంకో పై అంతస్తు చేపను వేయకూడదు. తోడుకు అన్నిటికంటే తగిన చోటు అడుగు, ఆ తర్వాతే మధ్య.

కొలత సంగతి. బెట్టా ఒక్కటే ఉంటే 15 నుంచి 20 లీటర్ల తొట్టి సరిపోతుంది. తోడు వేయాలంటే 40 లీటర్లకు తక్కువ వద్దు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న గాజు తొట్టిలో 45 నుంచి 50 లీటర్లు పడతాయి. అది మంచి కొలత. నీళ్ల బరువే 50 కిలోలు, దాని మీద ఇసుక, గాజు బరువు. ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టొద్దు. మన కడప బండ వేసిన అరుగు ఉంటే అంతకంటే మంచి స్టాండు లేదు. పైన మూత ఉండాలి, బెట్టా ఎగిరి దూకుతుంది. మూతకూ నీటికీ మధ్య రెండంగుళాల గాలి వదలాలి, అది పైకొచ్చి గాలి పీల్చుకునే చేప కదా.

మొదటి తొట్టి: జమ్మలమడుగు, బోరు నీళ్లు

జమ్మలమడుగులో నాకు తెలిసిన ఒకాయన బెట్టాతో పాటు ఆరు నియాన్ టెట్రాలు వేశాడు. పది రోజుల్లో ఒకదాని తర్వాత ఒకటి ఆరూ పోయాయి. బెట్టా చంపిందని దాన్ని తీసి బకెట్లో పెట్టాడు. నేను పోయి చూస్తే చచ్చిన చేపల మీద ఒక్క గాటు లేదు, తోకలు చెక్కు చెదరలేదు. నీళ్లు చూస్తే పీహెచ్ 8 దాటి ఉంది.

మన నేల సంగతి తెలిసిందే. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయంటే కారణం కింద ఉన్న సున్నపురాయి. ఆ రాతిలోంచి వచ్చే బోరు నీటిలో సున్నం ఎక్కువ. డ్రిప్పు పైపుల రంధ్రాలు తెల్లగా పూడిపోయేది, నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కట్టేది దానివల్లే. నియాన్ టెట్రా అమెజాన్ అడవుల్లోని మెత్తటి, కొంచెం పులుపు గుణం ఉన్న నీటి చేప. దాన్ని ఈ నీళ్లలో వేయడమంటే సున్నపు నేలలో తేయాకు నాటినట్టే. బెట్టా కూడా మెత్తటి నీళ్ల చేపే, కానీ గట్టి నీళ్లను చాలా వరకు ఓర్చుకుంటుంది. ఆ ఓర్పు నియాన్‌కు లేదు.

ఇంకో సంగతి కూడా జరిగింది. మొదటి చేప చావగానే ఆయన నీళ్లన్నీ పారబోసి, ఇసుక కడిగి, కొత్త బోరు నీళ్లు పోశాడు. శుభ్రం చేశాననుకున్నాడు. కానీ తొట్టిలో అప్పుడే కుదురుకుంటున్న మేలు చేసే బ్యాక్టీరియా దాంతో పోయింది. చేప విసర్జన, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తుంది. మన నేలలో జరిగేదే ఇదీ. అమ్మోనియా, నైట్రైట్ రెండూ చేపకు విషం, నైట్రేట్ కొద్దిగా ఉంటే ఏం కాదు. ఈ బ్యాక్టీరియా ఇసుకలో, ఫిల్టరు స్పాంజిలో నిలదొక్కుకోవడానికి 3 నుంచి 6 వారాలు పడుతుంది.

మన దగ్గర ఇది ఇంకా ముఖ్యం. సున్నపు నేలలో యూరియా పైపైన చల్లితే అమ్మోనియా ఆవిరై పోతుందని చదువుకున్నాం కదా. పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియా ఘాటు రూపంలోకి మారుతుంది. తొట్టిలో కూడా అంతే. నీటి వేడి 30 డిగ్రీలు ఉన్నప్పుడు పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో నూటికి ఒక వంతు కంటే తక్కువే విషరూపంలో ఉంటుంది. పీహెచ్ 8 దగ్గర నూటికి 7 వంతుల పైనే ఉంటుంది. అంటే అదే మేత, అదే చెత్త, విషం మాత్రం దాదాపు తొమ్మిది పది రెట్లు.

ఆయన తొట్టిని మళ్లీ ఇట్లా కట్టాం. బోరు నీళ్లు సగం, ఆర్‌ఓ నీళ్లు సగం. ఆర్‌ఓ నీళ్లు మాత్రమే పోయకూడదు, వాటిలో ఖనిజాలు ఉండవు, పీహెచ్ నిలకడగా ఉండదు. స్పాంజి ఫిల్టరు పెట్టి, బెట్టా ఒక్కదాన్నే వేసి, మేత తక్కువ చేసి, అమ్మోనియా కిట్టుతో రెండు మూడు రోజులకోసారి చూస్తూ ఆరు వారాలు ఆగాం. అమ్మోనియా కనపడితే అదే రోజు కొన్ని నీళ్లు మార్చాం. ఆ తర్వాత మూడు నెరైట్ నత్తలు, ఇంకో నెలకు ఆరు బ్రాంజ్ కోరీలు వేశాడు. నత్తకు గుల్ల కట్టుకోవడానికి సున్నం కావాలి కాబట్టి మన నీళ్లు దానికి అనుకూలం. నెరైట్ గుడ్లు మంచినీటిలో పిల్లలు కావు కాబట్టి తొట్టి నిండా నత్తలు పుట్టే బాధ లేదు.

మునిసిపల్ కుళాయి నీళ్లు వాడేవాళ్లు క్లోరిన్ సంగతి మర్చిపోవద్దు. జీవామృతంలో క్లోరిన్ నీళ్లు ఎందుకు పోయమో దీంట్లోనూ అందుకే పోయకూడదు, బ్యాక్టీరియా చస్తుంది, చేప మొప్పలు కాలతాయి. వెడల్పు టబ్బులో పోసి ఒక రోజంతా ఆరుబయట ఉంచండి. తొందరైతే అంగట్లో దొరికే క్లోరిన్ విరుగుడు మందు వాడండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. బ్యాక్టీరియా అనగానే మన రైతులకు జీవామృతం గుర్తొస్తుంది. తొట్టిలో జీవామృతం గానీ, పేడ నీళ్లు గానీ ఒక్క చెంచా కూడా పోయొద్దు. పెద్ద చెరువులో పేడ వేస్తే పాచి పెరిగి చేపకు మేత అవుతుంది, అంత నీరు, అంత ఎండ, అంత గాలి ఉంటాయి. 50 లీటర్లలో అది ఆక్సిజన్‌ను తినేసి అమ్మోనియా పెంచుతుంది.

రెండో తొట్టి: ప్రొద్దుటూరు, మే నెల ఎండ

ప్రొద్దుటూరులో ఒక ఇంట్లో మిద్దె మీద గదిలో తొట్టి. దాంట్లో బెట్టా, నాలుగు మగ గప్పీలు, ఎనిమిది రాస్‌బోరాలు. మొదటి వారంలోనే గప్పీల తోకలు చీలికలయ్యాయి. ఇది బెట్టా పనే. మగ గప్పీకి విసనకర్ర మాదిరి రంగుల తోక ఉంటుంది కాబట్టి బెట్టా దాన్ని పోటీదారు అనుకుంటుంది. గప్పీకి మన గట్టి నీళ్లు బాగా పడతాయి, నీళ్ల లెక్కలో మంచి జోడీ. రూపం లెక్కలో కుదరదు. రెండు లెక్కలూ కుదరాలి.

గప్పీలను వేరే తొట్టికి మార్చారు. రాస్‌బోరాలు ఆరు నెలలు బాగున్నాయి. మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి మూడు గంటలు రాలేదు. ఫిల్టరు ఆగింది, గదిలో నీటి వేడి 33 డిగ్రీలకు చేరింది. రాస్‌బోరాలు పైకొచ్చి నోళ్లు తెరిచి రొప్పాయి. సాయంత్రానికి ఐదు పోయాయి. బెట్టా మామూలుగానే ఉంది, అది పై గాలి పీల్చుకుంటుంది కదా.

నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ పట్టదు. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో ఎక్కువలో ఎక్కువ 8.2 మిల్లీగ్రాములు కరుగుతుంది. 33 డిగ్రీల దగ్గర సుమారు 7.2. అదే సమయంలో చేప ఒళ్లు వేడెక్కి దానికి ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి. పంపు తిరిగితే లోటు తెలియదు, ఆగితే గంటల్లో తెలుస్తుంది.

బెట్టాకు 24 నుంచి 28 డిగ్రీలు బాగుంటుంది. తోడుగా వేసే చాలా చేపలకు 28 దాటితే కష్టం. మన ఎండాకాలానికి ఈ జాగ్రత్తలు తీసుకోండి.

ఒకటి, తొట్టిని మిద్దె మీద గదిలో, పడమటి గోడకు ఆనించి పెట్టొద్దు. కింది అంతస్తులో, ఉత్తరం వైపు, ఎండ తగలని చోట పెట్టండి.

రెండు, గట్టి మూత తీసి దోమతెర గుడ్డ కట్టి, నీటి మీదుగా చిన్న ఫ్యాను తిప్పండి. మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీళ్లు ఆవిరై రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కూజా చల్లబడే లెక్కే ఇది. తగ్గిన నీళ్లను రోజూ ఆర్‌ఓ నీళ్లతో నింపండి. బోరు నీళ్లతో నింపుతూ పోతే సున్నం పేరుకుపోతుంది, ఆవిరయ్యేది నీళ్లే కానీ సున్నం కాదు.

మూడు, బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఇంట్లో పెట్టుకోండి. కరెంటు పోతే అది లేకున్నా చెంబుతో నీళ్లు తీసి అడుగు ఎత్తు నుంచి మెల్లగా పోస్తూ ఉంటే కొంత ఆక్సిజన్ కలుస్తుంది.

నాలుగు, వేడి ఎక్కువున్న రోజుల్లో మేత సగం చేయండి. ఐసు గడ్డలు నేరుగా వేయొద్దు, ఒక్కసారిగా వేడి మారితే చేప తట్టుకోదు.

ఐదు, కొత్త తోడు చేపలను మార్చి నుంచి జూన్ దాకా కొనొద్దు. వానలు పడ్డాక తెచ్చుకోండి.

మూడో తొట్టి: పులివెందుల, తోటలో గది

పులివెందుల దగ్గర అరటి, చీనీ తోట ఉన్న ఒక రైతు తోటలోని గదిలో తొట్టి పెట్టుకున్నాడు. దాంట్లో బెట్టా, పది చెర్రీ రొయ్యలు, నాలుగు నత్తలు. జావా మాస్ బాగా పెరిగి రొయ్యలకు దాగే చోటు ఉండేది, చూడటానికి చక్కగా ఉండేది. ఒక రోజు పొద్దున చూస్తే రొయ్యలన్నీ బోర్లా పడి ఉన్నాయి, నత్తలు మూత వేసుకుని కదల్లేదు. బెట్టా కొంచెం మందంగా ఉంది గానీ బతికే ఉంది.

ఆ తోట ప్రకృతి సేద్యంలోనే ఉంది, రసాయనాలు వాడడు. వెతికితే తేలింది ఏమంటే, ముందు రోజు తొట్టిలో నీళ్లు నింపిన బకెట్టును పక్క తోట వాళ్లు చీనీ చెట్లకు రాగి మందు కలుపుకోవడానికి తీసుకుపోయి తెచ్చిచ్చారు. కడిగారు, కానీ రొయ్యకూ నత్తకూ రాగి చాలా కొద్దిగా తగిలినా చాలు. చేప అంతకంటే తట్టుకుంటుంది. ఇక్కడ కూడా బెట్టాను చూసి నీళ్లు బాగున్నాయనుకుంటే పొరపాటే.

మనలాంటి రైతులకు దీంట్లో ఇంకో పాఠం ఉంది. రాగి మందే కాదు, మన కషాయాలు కూడా చేపకు ప్రమాదమే. అగ్నిఅస్త్రంలో పొగాకు, పచ్చిమిర్చి ఉంటాయి. దశపర్ణిలో వేప, కానుగ, సీతాఫలం ఆకులు ఉంటాయి. ఇవి పురుగు మీద పనిచేసేది వాటిలోని విషం వల్లే. కానుగ గింజల పొడి చేపలను మత్తెక్కిస్తుందని పాతకాలం వాళ్లకు తెలుసు. ప్రకృతిలోంచి వచ్చింది కదా అని చేపకు మంచిదనుకోవద్దు. తొట్టికి ఒక బకెట్టు, ఒక మగ్గు, ఒక పైపు విడిగా పెట్టి, రంగు దారం కట్టి ఇంకెవ్వరూ తీయకుండా చూడండి. కషాయం పిండిన చేతులను సబ్బుతో కడిగి, బాగా తొలిచాకే తొట్టిలో పెట్టండి.

మన దొడ్డిలోంచి తొట్టికి పనికొచ్చేది ఒకటుంది, బాదం ఆకు. ఎర్రబడి దానంతట అది రాలిన ఆకును కడిగి ఎండబెట్టి, 20 లీటర్లకు ఒకటి చొప్పున వేయండి. నీళ్లు లేత టీ రంగుకు వస్తాయి. దాంట్లోని వగరు పదార్థాలు బెట్టాకు హాయిగా ఉంటాయి, రొయ్యలు ఆ ఆకును గీరి తింటాయి. రెండు మూడు వారాలకు ఆకు చివికిపోతుంది, తీసేసి కొత్తది వేయండి. మందు కొట్టిన చోట, రోడ్డు పక్కన రాలిన ఆకు వద్దు. గట్టి నీళ్లలో ఇది పీహెచ్‌ను పెద్దగా దించదు, ఆ ఆశతో పది ఆకులు వేయొద్దు.

వేయదగినవి, వేయకూడనివి

మన నీళ్లు, మన ఎండ చూసుకుని నేను చెప్పే వరుస ఇది. సులభమైనది ముందు.

నెరైట్ నత్త: మన నీళ్లకు మొదటి తోడు. పాచి తింటుంది, బెట్టా దాన్ని పట్టించుకోదు. ఆపిల్ నత్త జాతి మిస్టరీ నత్తకు పొడుగు మీసాలుంటాయి, కొన్ని బెట్టాలు వాటిని పురుగనుకుని కొరుకుతాయి.

చెర్రీ రొయ్య: మాస్ దట్టంగా ఉంటే పెద్దవి బతుకుతాయి. పిల్లల్లో చాలా భాగం బెట్టా నోట్లోకి పోతాయి. అది తెలిసే వేయండి.

కోరీ: అడుగున తిరిగే సాధు చేప. కనీసం ఆరు ఉండాలి, ఒకటి రెండు వేస్తే భయంతో నక్కి ఉంటాయి. అడుగున గరుకు కంకర కాదు, మెత్తటి ఇసుక ఉండాలి, లేకుంటే మీసాలు అరిగిపోతాయి. బోరు నీళ్లలో ఆర్‌ఓ నీళ్లు కలపాలి. వేడి 28 దాటకూడదు.

కూలీ లోచ్: పాము పిల్ల మాదిరి సన్నటి చేప, రాత్రిపూట తిరుగుతుంది. వేడిని కోరీ కంటే బాగా ఓర్చుకుంటుంది. ఐదారు కలిపి వేయాలి, దూరడానికి రాళ్ల సందులు కావాలి. నీళ్లు మెత్తగా ఉంటేనే మంచిది.

రాస్‌బోరా: మధ్య అంతస్తుకు. పొడుగు రెక్కలు లేవు, ఎవరి జోలికీ పోదు. ఆరు నుంచి ఎనిమిది ఉండాలి. మెత్తటి నీళ్లు, కరెంటు పోయినా ఆగని గాలి పంపు ఉంటేనే వేయండి.

వేయకూడనివి ఇవి. ఇంకో మగ బెట్టాను ఎప్పుడూ వద్దు. ఆడ బెట్టాను కూడా జత కట్టించే సమయానికి తప్ప కలపొద్దు. గౌరామి బెట్టాకు దగ్గరి చుట్టం, అదీ పై గాలి పీల్చేదే, కొట్లాట తప్పదు. టైగర్ బార్బ్ బెట్టా తోకను కొరికి పీకుతుంది, ఇక్కడ బాధపడేది బెట్టానే. ఏంజెల్ పెద్దదై బెట్టాను తరుముతుంది. గోల్డ్ ఫిష్ చల్లటి నీళ్ల చేప, చెత్త ఎక్కువ చేస్తుంది. దోమల కోసం వదిలే గంబూసియాను తెచ్చి వేసేవాళ్లున్నారు, అది చిన్నదైనా రెక్కలు కొరికే రకం, వద్దు. సక్కర్ చేప అసలే వద్దు, దాని సంగతి కింద చెప్తా.

కలిపే పద్ధతి

తోడు చేప తెచ్చిన రోజే తొట్టిలో వేయొద్దు. వేరే టబ్బులో రెండు మూడు వారాలు ఉంచి, తెల్ల మచ్చలు, బూజు, రెక్కలు ముడుచుకోవడం లాంటివి లేవని చూసుకోండి. కొత్త ఆవును కొన్నాళ్లు విడిగా కట్టేస్తాం కదా, అదే పద్ధతి.

వీలైతే తోడు చేపలను ముందు వేసి, అవి కుదురుకున్నాక బెట్టాను వేయండి. బెట్టా ముందే ఉంటే తొట్టంతా తనదే అనుకుంటుంది. అప్పుడు దాన్ని ఒక రోజు వేరే పెట్టి, రాళ్లూ మొక్కలూ చోటు మార్చి, తోడును వేశాక తిరిగి వదలండి. తెచ్చిన కవరును 20 నిమిషాలు తొట్టి నీటి మీద తేలనిచ్చి, తొట్టి నీళ్లు కొంచెం కొంచెంగా కవరులో కలిపి, ఆ తర్వాత చేపను వలతో పట్టి వదలండి. అంగడి నీళ్లు తొట్టిలో పోయొద్దు. ఈ పని సాయంత్రం లైటు ఆర్పి చేస్తే మంచిది.

మొదటి పది నిమిషాలు బెట్టా మొప్పలు విప్పి చూపిస్తుంది, కంగారు పడొద్దు. గంట దాటినా వెంటపడుతుంటే, తోడు చేప మేతకు రాకుండా మూలన నక్కితే, రెక్కకు గాటు కనపడితే వెంటనే విడదీయండి. కొన్ని బెట్టాలు ఎవరితోనూ సర్దుకోవు. ఒకే తల్లి పిల్లల్లో కూడా గుణం వేరుగా ఉంటుంది. అందుకే తోడు కొనకముందే పది పదిహేను లీటర్ల టబ్బు ఒకటి, చిన్న స్పాంజి ఫిల్టరుతో సిద్ధంగా పెట్టుకోండి. ఆ టబ్బు లేకుంటే తోడు కొనొద్దు.

మేత, నీళ్ల మార్పు

బెట్టా మాంసం తినే చేప. పొద్దున రెండు మూడు, సాయంత్రం రెండు మూడు గుళికలు చాలు. వారానికి ఒక రోజు పస్తు పెట్టండి. అడుగు చేపలకు మునిగే గుళికలు లైటు ఆర్పాక వేయండి, లేకుంటే బెట్టానే తినేసి పొట్ట ఉబ్బి పడుకుంటుంది.

దోమ పిల్లలు దానికి ఇష్టమైన మేత. వాటికోసం బకెట్టులో నీళ్లు పెడితే రోజూ వలతో పూర్తిగా తీయాలి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. ఆరోగ్య శాఖ వాళ్లు శుక్రవారం డ్రై డే అని చెప్పేది ఇందుకే. చేప మేత పేరుతో డెంగీ దోమను పెంచినట్టు కాకూడదు. మురుగు కాలువలోంచి పట్టిన పిల్లలు వద్దు.

వారానికి ఒకసారి నాలుగో వంతు నీళ్లు మార్చండి, అంటే 50 లీటర్ల తొట్టికి 12 లీటర్లు. మొత్తం మార్చొద్దు. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడగకుండా తీసిన తొట్టి నీళ్లలోనే పిండండి, బ్యాక్టీరియా బతికి ఉంటుంది. తీసిన నీళ్లలో నైట్రేట్ ఉంటుంది, కరివేపాకుకో టమాట కుండీకో పోయండి. ఉప్పు గానీ మందు గానీ వేసిన వారం మాత్రం మొక్కలకు పోయొద్దు.

మిగిలిన చేపలను బయట వదలొద్దు

పులివెందుల రైతే ఇంకోటి అడిగాడు: "ఎక్కువైనవి డ్రిప్పు నీళ్ల తొట్టిలో వదిలితే దోమలూ తగ్గుతాయి కదా?" బెట్టా అయితే డిసెంబరు, జనవరి రాత్రుల చలికి ఆరుబయట మందగించి జబ్బు పడుతుంది. అది చేపకు కష్టం. కొన్ని చేపలను వదిలితే ఊరికే కష్టం.

సక్కర్ చేపను అద్దం శుభ్రం చేస్తుందని రెండంగుళాలప్పుడు అమ్ముతారు. అది అడుగు దాటి పెరుగుతుంది. రెండడుగుల తొట్టిలో పట్టక జనం కాలువలో వదిలేస్తారు. దాని సొంత ఊరు దక్షిణ అమెరికా. ఒళ్లంతా గట్టి పెంకు, ముళ్లు ఉంటాయి కాబట్టి మన నీళ్లలో దాన్ని తినే చేపలు తక్కువ. వలలు చింపుతుంది, మిగతా చేపల మేతకు పోటీ వస్తుంది, గుడ్లు పెట్టడానికి గట్లలో బొరియలు తవ్వుతుంది. గట్టు తెగితే ఏమవుతుందో రైతుకు చెప్పనక్కర్లేదు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో దొరికే డీఎన్ఏను పరీక్షించి, ఈ జాతి చేప తూర్పు కనుమల నీటి వనరుల్లో చాలా చోట్లకు పాకిందని గుర్తించారు. ఆపిల్ నత్త జాతుల్లో బంగారు ఆపిల్ నత్త ఆగ్నేయాసియా దేశాల్లో లేత వరి నారును తినేసే పెద్ద తెగులు అయింది.

కాబట్టి పెన్నాలో, మైలవరం జలాశయంలో, చిత్రావతిలో, కేసీ కాలువలో, చేనులో నీటి కుంటలో అంగడి చేపను గానీ నత్తను గానీ వదలొద్దు. తొట్టి మొక్కలను కూడా కాలువలో వేయొద్దు, ఎండబెట్టి కంపోస్టులో వేయండి. చేప ఎక్కువైతే అంగడి వాళ్లకే తిరిగి ఇవ్వండి, లేదా పెంచేవాళ్లకు ఇవ్వండి.

కొనే ముందు ఐదు ప్రశ్నలు

తోడు చేప కొనడానికి పోయే ముందు ఈ ఐదూ కాగితం మీద రాసుకుని జవాబు చెప్పుకోండి. నా తొట్టి 40 లీటర్లు దాటిందా? దాంట్లో బ్యాక్టీరియా కుదిరి అమ్మోనియా సున్నా చూపిస్తోందా? నా నీళ్ల పీహెచ్, గట్టితనం ఈ తోడు చేపకు పడతాయా? మే నెలలో కరెంటు మూడు గంటలు పోతే దీన్ని ఎట్లా బతికించుకుంటా? ఇద్దరికీ పడకపోతే విడిగా పెట్టే టబ్బు ఉందా?

ఐదింటికీ అవును అని వస్తే తెచ్చుకోండి. ఒక్కదానికి కాదు అని వచ్చినా ఆగండి. బెట్టాకు తోడు లేకుంటే దిగులు ఏం ఉండదు, అది ఒంటరిగా ఉండగల చేప. నాలుగు మొక్కలు, ఒక బాదం ఆకు, మూడు నత్తలు వేసినా తొట్టి బోసిగా కనపడదు.

మీ ఊరి నీళ్ల పీహెచ్ ఎంత వచ్చిందో, మీ తొట్టి ఎన్ని లీటర్లో రాసి అడిగితే ఏ తోడు కుదురుతుందో చెప్తాను. వచ్చే వీడియోలో స్పాంజి ఫిల్టరు ఇంట్లోనే తయారు చేసుకునే పద్ధతి చూపిస్తా.